ఒక్క గంట ఆపిన ఇంజన్

మా ఊళ్ళో చలికాలం బండి ఆపరు. అక్టోబరులో స్టార్టు చేస్తే ఏప్రిల్ దాకా గుమ్మం ముందు గురగురలాడుతూ ఉండాల్సిందే. చలంటే అలాంటిలాంటి చలి కాదు. ఒకసారి మా ఆవిడ మాత్రోనా నా లాగు ఉతికి తీగ మీద వేస్తే నిలువునా బిగుసుకుపోయింది. నాకు బద్ధకమై నా బదులు దాన్నే ఊరి సభకు పంపాను. కార్యదర్శిగా ఎన్నుకున్నారు. ఈ కథ చెప్పినప్పుడల్లా మాత్రోనా, "సరిగ్గానే ఎన్నుకున్నారు. దానికి నోరు లేదుగా," అనేది.

నలభై ఒక్క చలికాలాలు ఆ గురగురలోనే నిద్రపోయిన మనిషి తను. ఆ నవంబరులో ఛాతీ నొప్పని మూడు రోజులు కన్ను మూతపడలేదు. ఊరి నర్సు మాత్రలిచ్చి, "నిద్రపడితే నయమవుతుంది, ముదిరితే మాత్రం ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు," అంది. పెద్దాసుపత్రి ఎనభై కిలోమీటర్లు.

పొద్దున్నే మాత్రోనా అంది, "ఏమయ్యా, ఒక్క గంట ఆ బండి నోరు మూయించవూ? కాస్త కునుకు తీస్తాను."

బయట సున్నాకి యాభై అయిదు డిగ్రీలు కింద. అయినా ఎన్నడూ ఏదీ అడగని మనిషి అడిగింది. ఇంజన్ ఆపి, పైన గొంగళి కప్పి వచ్చాను. పడుకుంది. గంట అయింది. నిద్ర ఎంత హాయిగా పోతోందో! బండి స్టార్టు చేసి లేపబుద్ధి కాలేదు. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూనే రెండున్నర గంటలు గడిచాయి.

మూలుగు వినపడి చూస్తే పెదాలు నీలమయ్యాయి. కేకేస్తే నర్సు పరుగెత్తుకొచ్చి నాడి చూసి, "ఇంకా కూర్చున్నావేం? బండి తియ్!" అంది.

సెల్ఫ్ కొట్టాను. 'టక్' అంది. మళ్ళీ కొట్టాను. ఆ 'టక్' కూడా లేదు.

ఊళ్ళో మిగతా నాలుగు బండ్లూ మంచు కింద వల లాగడానికి చెరువుకి పోయాయి. అక్కడ ఫోను పలకదు. పొగమంచులో హెలికాప్టరు రాదు. పక్కింటి గవ్రీల్ ఒక్కడే దొరికాడు.

"ఆపావా మామా?" అన్నాడు నమ్మలేనట్టు. "పాలు తాగే పసివాడైనా ఆపుతాడా?"

"మీ అత్త అడిగిందిరా."

వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బ్యాటరీ విప్పి తెచ్చి మాత్రోనా మంచం పక్కన, పొయ్యి దగ్గర పెట్టాడు. ఇంజన్ కింద మంట చిమ్మే బ్లోల్యాంపు ముట్టించి, మంట ఆయిల్ ట్యాంకుకి తగిలేలా బోర్లా పడుకున్నాడు. లోపల ఆయిలు మైనంలా గడ్డకట్టింది.

"జారుడుబండికి గుర్రం కట్టనా గవ్రీలూ?"

"ఈ చలిలో ఎనభై కిలోమీటర్లా? అక్కడ శవాన్ని..." నాలుక కరుచుకున్నాడు. "ఆ గొంగళి ఇంకాస్త కిందికి లాగు మామా. మంట చెదురుతోంది."

నేను లోపలికొచ్చి పొయ్యిలోని అగ్నిదేవుడికి వెన్నముద్ద వేశాను. "నెరిసిన గడ్డం తాతా, కాస్త నీ వేడి బయటికి పంపు," అన్నాను. ఎన్నిసార్లు మొక్కానో! ఎప్పుడూ ఇంత ఆశగా అడగలేదు.

మాత్రోనా కళ్ళు తెరిచింది. "స్టార్టయిందా?"

"ఎప్పుడో అయింది. వేడెక్కుతోంది."

"చప్పుడు లేదే?"

"గొంగళి కప్పానుగా. నీ నిద్ర చెడుతుందని మూడు కప్పాను."

బ్యాటరీ వైపు చూసింది. దాని మీద కట్టిన మంచు కరిగి నేల మీదికి కారుతోంది. నా అబద్ధాన్ని ఇంత దగ్గర్నుంచి చూసి కూడా నవ్వింది. "బండి బయట, గుండె ఇక్కడ. లాగు కథే నయం," అంది. నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకున్నాను. బ్యాటరీ మోసుకెళ్ళాలి కదా.

బిగించాం. సెల్ఫ్ కొట్టాను. మూలిగింది. గవ్రీల్ మళ్ళీ కిందికి దూరాడు. వాడి కనుబొమలు మంచుతో తెల్లబడి నాకంటే ముసలాడిలా ఉన్నాడు. నాలుగోసారి దగ్గి, నల్లపొగ కక్కి, అంటుకుంది.

ఊరంతా వినపడేలా మోగింది. నేను ఎగిరి గంతేసి లోపలికి ఉరికాను. "విన్నావా! ఇది అబద్ధం కాదే, విను!"

నర్సు కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంది. మాత్రోనా మీద దుప్పటి ముఖం కూడా కప్పేలా లాగి ఉంది.

మూడో రోజు, మట్టి చేసి వచ్చాక, గవ్రీల్ నా గుమ్మం ముందు ఆగాడు. "మామా, ఇంకెక్కడికి వెళ్ళాలి? ఆపెయ్. నూనె దండగ."

"ఉండనీరా," అన్నాను. "ఆపితే మళ్ళీ స్టార్టవదు."