పొట్టు తీసిన మిరియాలు

శామీర్‌పేట రోడ్డు మీది ఆ ఫంక్షన్ హాలు వంటశాలలో శివమ్మ ముక్కుకు ఎదురు లేదు. చేపల డబ్బాలు దిగాయంటే వంటమాస్టర్ వీరభద్రం ముందు ఆమెనే కేకేసేవాడు. మొప్ప ఎత్తి వాసన చూసి ఆమె తల ఊపితే కత్తిపీట మీదికి, అడ్డంగా ఊపితే వాపసు. చేపలు పట్టే ఇంటి కోడలు కదా, ఆ ముక్కు తప్పదని అందరి నమ్మకం.

ఆరేళ్ళుగా ఆమెది నూరడం, తరగడం, కడగడం. ఈసారి మాస్టర్ మాటిచ్చాడు. "ఆదివారం పెళ్ళికి తెల్ల చేపకూర. సరుకంతా నువ్వే సిద్ధం చెయ్యి. కూర కుదిరిందా, వచ్చే నెల నుంచి చేపల పొయ్యి నీదే." అని చెప్పి, చుట్టాల్లో ఎవరిదో కర్మ ఉందని తన ఊరు, భీమవరం వైపు వెళ్ళిపోయాడు.

తెల్ల కూరంటే కొబ్బరిపాలు, జీడిపప్పు, తెల్ల మిరియాలు. నల్లవి వేస్తే మసి రాలినట్టుంటుందని పెళ్ళివాళ్ళు ముట్టరు. ఇన్నాళ్ళూ మాస్టరే తన సంచిలోంచి పొడి పొట్లం తీసి చల్లేవాడు. గింజల డబ్బా రావడం ఇదే మొదలు.

బుధవారం ఆ డబ్బా మూత తీసి శివమ్మ మొహం తిప్పుకుంది. వానకు తడిసిన పశువుల కొట్టం కంపు. గింజలు పొడిగానే ఉన్నాయి, పురుగు లేదు. అయినా కంపు కంపే. మాస్టర్‌కు రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. కర్మ దగ్గరున్న మనిషిని మూడోసారి కదపడానికి మనసొప్పలేదు. రేపు ఆ కంపు పెళ్ళివాళ్ళ నోట పడితే పోయేది తన పొయ్యే. డబ్బా తీసుకెళ్ళి చెత్తబండిలో గుమ్మరించింది.

అలియాబాద్ కిరాణంలో అడిగితే "గవి ఈడెక్కడియి అక్కా" అన్నారు. అప్పుడు చచ్చిపోయిన అత్త గుర్తొచ్చింది. బాలింతల కోసం అత్త మిరియాలు నానబెట్టి, పొట్టు తీసి చారులో వేసేది. శివమ్మ నల్ల మిరియాలు కుండలో నానేసింది. వాసన రాకుండా పొద్దునా సాయంత్రం నీళ్ళు మార్చింది. శనివారానికి పొట్టు మెత్తబడింది. గరుకు గోనెపట్టా మీద పోసి అరచేతులతో రుద్దితే నల్లపొట్టు ఊడి పాలిపోయిన గింజ బయటపడింది. ఎండబెట్టి దంచేసరికి చేతులు నిప్పు పట్టుకున్నట్టు మండాయి.

ఆదివారం కూర పాలలాగా వచ్చింది. పెళ్ళివాళ్ళు మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నారు. పొద్దుటే దిగిన మాస్టర్ గరిటె అంచు నాకి "అద్దిరింది" అన్నాడు. సాయంత్రం సామాన్లు సర్దుతూ మిరియాల డబ్బా ఏదని అడిగాడు.

"పారేసిన మాస్టర్. మురిగిపోయిన వాసనొచ్చింది."

"మురిగిపోతే కూరకు ఆ రుచి ఎలా వచ్చిందమ్మా?"

"కూరలేసినయి నేను జేసినయి. నల్లయి నానేసి పొట్టు దీసిన."

వీరభద్రం పకపకా నవ్వాడు. గిన్నెలు తోమేవాళ్ళు తిరిగి చూశారు. "తెల్ల మిరియాల వాసనే అంత! రోజుల తరబడి నీళ్ళలో నానేసి తీస్తారు వాటిని. ఆ మాత్రం ఎరగనిదానివి నువ్వు తయారుచేశావా? డబ్బా ఎవరికి అమ్ముకున్నావో చెప్పు."

అమ్ముకున్నావన్న నిందకన్నా, ఎరగనిదానివన్న మాటే శివమ్మకు ఎక్కువ తగిలింది.

గొడవ విని హాలు యజమాని రోజారాణి వచ్చింది. శివమ్మ కుండ అడుగున మిగిలిన గుప్పెడు గింజలు తెచ్చి, ఇద్దరి కళ్ళముందే గోనెపట్టా మీద రుద్దింది. పొట్టూడిన గింజలు రోజారాణి చేతిలో పోసింది.

రోజారాణి ఒకటి కొరికింది. "మస్తుగుంది గద మాస్టర్! ఉత్తగనే ఆమెను బద్నాం జేస్తున్నవ్."

మాస్టర్ గింజను గోటితో గిల్లి చూశాడు. తప్పయిందని అనలేదు. "అయితే ఇంక డబ్బాలు తెప్పించడం దేనికి మేడం? ఈ పని ఈమెకే అప్పజెబుదాం. ఇలాంటి చేతులు దొరకవు" అన్నాడు.

"పొయ్యి నాదే అంటివి గద మాస్టర్?" అంది శివమ్మ.

"మంచి సరుకేదో కుళ్ళు సరుకేదో తెలియని మనిషిని పొయ్యి దగ్గర ఎలా నిలబెట్టనమ్మా? సుచిత్ర సెంటర్‌లో వండే మా రఘునందన్ వస్తాడులే."

శివమ్మ రోజారాణి వైపు చూసింది. ఆమె ఫోన్‌లో చూసుకుంటూ "అలవాటైన పనే గద శివమ్మా, చెయ్యి" అంది.

మర్నాటి నుంచి శివమ్మ గోనెపట్టా ముందు కూర్చుంది. చేపల డబ్బాలు దిగితే రఘునందన్ చూసుకుంటున్నాడు. వంటశాల చూడవచ్చిన పెళ్ళివాళ్ళకు మాస్టర్ గింజలు చూపించి, "ఇది మా గోదావరి వైపు పద్ధతండీ" అని చెబుతున్నాడు. శివమ్మ తలెత్తదు.

ఒక సాయంత్రం ఇంటి అరుగు మీద గిన్నెడు చల్లలో చేతులు ముంచుకుని కూర్చుంది. భర్త గండయ్య చెరువుకట్ట మీద అమ్ముడుపోని చేప తెచ్చాడు.

"జర వాసన జూడే. రేపు అమ్మొచ్చునా?"

"నన్నెందుకు అడుగుతవ్? పోయి మాస్టర్‌నడుగు."

"గిదేందే, మంచిగడిగితే గిట్లంటవ్!" అంటూ గండయ్య చేపను ఆమె మొహం దగ్గరికి తెచ్చాడు.

శివమ్మ మొహం తిప్పుకుంది. చేప పాడైందని అతను గడప దాటినప్పుడే ఆమెకు తెలిసింది. చెప్పలేదు.