అత్తగారి లాయరు

"అత్తయ్యా, ఈ పేజీలో 'పాపం ఆ పెద్దావిడ' అని ఏడుసార్లు వచ్చింది. ఆరు తీసేయనా?" అని అడిగింది మా కోడలు, తోముతున్న గిన్నె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటూ.

"ఒక్కటీ తీయొద్దు. ఆవిడ పాపమే" అన్నాను.

నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూసి మురిసిపోయాను కూడా, ఎంత కలుపుగోలు పిల్ల నా కోడలు అని.

సంగతేమిటంటే, రోజూ సాయంత్రం ఏడింటికి వచ్చే సీరియల్ ఒకటుంది. అందులో ఒక అత్త. రాసేవాళ్ళకు ఆవిడంటే ఎందుకంత కక్షో, ఆ ఇంట్లో జరిగిన ప్రతి చెడ్డపనీ ఆవిడ నెత్తినే రుద్దుతారు. చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. మా ఆయన బతికున్నన్నాళ్ళూ, "సామాన్ల చీటీ నేను రాస్తాగా, నీకెందుకు కలం?" అనేవారు. ఆయన పోయాక ఆ కలం నేను తీసుకున్నాను. మనవరాలి పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాల మీద, కోడి కెలికినట్టుండే నా అక్షరాలతో ఆ అత్త తరఫున కథలు రాయడం మొదలుపెట్టాను. ఆవిడ ఎందుకలా అయిందో, చిన్నప్పుడు ఎన్ని మాటలు పడిందో, ఆవిడ మోకాళ్ళు ఎలా సలిపేవో, అన్నీ. మనవరాలు చూసి, "బామ్మా, దీన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. ఇంకొకరు పుట్టించిన మనుషుల్ని తెచ్చుకుని మనం కథ నడపడం" అంది. ఏ పేరైతేనేం. కోడలు వాటిని ఫోనులో టైపు చేసి, తప్పులు దిద్ది, అలాంటి రాతలు రాసేవాళ్ళ గుంపులో పెట్టేది. మూడేళ్ళుగా ఇదే వరస. మా అబ్బాయికి మాత్రం చిరాకు. "ఆవిడ రాసేదేంటి, నువ్వు టైపు చేసేదేంటి, ముందా వంట సంగతి చూడు" అనేవాడు. చూసేది. వంటా చూసేది, నా కథా చూసేది.

గుంపులో నాకు 'అత్తగారి లాయరు' అని పేరు పడింది. మొన్న ఆదివారం ఆ గుంపువాళ్ళందరూ ఒకచోట కలుద్దామనుకుని నన్నూ పిలిచారు. గ్రంథాలయం మేడమీద గది. మెట్లు ఇరవై రెండు. నా కాళ్ళ సంగతి తెలిసి కోడలు బస్సులో తోడొచ్చి, చెయ్యి పట్టుకుని ఎక్కించి, వెనక కుర్చీలో కూర్చుంది. పదకొండు మంది వచ్చారు. అందర్నీ నడిపించేది ఒక పళ్ళ డాక్టరమ్మ. ఎదుటివాళ్ళ చేత నోరు తెరిపించడం ఆవిడకు వృత్తే కాబట్టి, పది నిమిషాల్లో అందరం గలగలా మాట్లాడేసుకుంటున్నాం. ఇంకొకరు లెక్కల మాస్టారు, రిటైరయ్యారు. ఏ ఎపిసోడ్‌లో ఎవరు ఏమన్నారో నంబరుతో సహా లావుపాటి పుస్తకంలో రాసిపెట్టుకున్నారు. ఆ గుంపుకో నియమముంది. సీరియల్లో జరగబోయేది మన ఇష్టం వచ్చినట్టు రాసుకోవచ్చు. జరిగిపోయింది మాత్రం మార్చకూడదు.

డాక్టరమ్మ అందరికీ తలో అట్టముక్కా ఇచ్చింది, అరచేయంత. "ఇవాళ చాలా చిన్న కథలు రాద్దాం. సీరియల్లో జరిగిపోయినవాటిల్లో మీరు మరిచిపోలేని ఘట్టం ఒకటి. యాభై మాటలు మించకూడదు. ఎందుకు, ఏమిటి, అయ్యో పాపం, అవేమీ వద్దు. ఏం జరిగిందో అంతే."

"యాభై మాటలా! నేను గుక్క తిప్పుకునేసరికే అంతయిపోతుందే తల్లీ" అన్నాను. అందరూ నవ్వారు, వెనక కూర్చున్న కోడలు కూడా.

తీరా రాయబోతే చెయ్యి ఆగలేదు. నా పొడుగు కథల్లో ఒక మాటంటే దాన్ని కప్పడానికి పది మాటలు దొరికేవి. ఈ అట్టముక్క మీద కప్పేందుకు చోటేది? రాసేటప్పుడు అది సీరియల్లో చూసిందేననుకున్నాను, ఒట్టు. నా వంతు రాగానే లేచి గట్టిగా చదివాను.

"హాల్లో ఫోను మోగింది. అత్త ఎత్తింది. 'మీ కోడలుగారికి ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరమనండి' అన్నారు అవతలివాళ్ళు. 'ఆ అమ్మాయి ఉద్యోగం చేయదండీ' అని పెట్టేసింది. వంటింట్లోంచి కోడలు అడిగింది, 'ఎవరత్తయ్యా?' అని. 'ఎవరో. నంబరు తప్పు.' కోడలు మళ్ళీ గిన్నెలు తోముకుంది."

ఒకమ్మాయి "అబ్బ!" అంది. మాస్టారు మాత్రం పుస్తకం తిరగేసి, తిరగేసి, కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఇది ఏ ఎపిసోడ్ అమ్మా?"

"ఉందండీ. మొదట్లో ఎక్కడో."

"లేదమ్మా. ఆ ఇంట్లో మొదటిరోజు నుంచీ అందరికీ సెల్‌ఫోన్లే. హాల్లో ఫోనెక్కడిది?"

హాల్లో ఫోనెక్కడిది. కిటికీ పక్కన, కుట్టుమిషను మీద, ఆకుపచ్చ ఫోను. దుమ్ము పడకుండా దాని మీద కప్పిన చేతిగుడ్డ నేను కుట్టిందే. పందొమ్మిదేళ్ళ కింద. మనవరాలికి అప్పుడు మూడేళ్ళు. కోడలు పరీక్ష రాసి, ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చి, ఎప్పుడు ఫోను మోగినా వంటింట్లోంచి పరిగెత్తేది. ఆరోజు ఆమె చేతులు సబ్బులో ఉన్నాయి, నేను దగ్గరున్నాను. పిల్లనెవరు చూస్తారు, వంటెవరు చేస్తారు, నా మోకాళ్ళతో నేనెక్కడ చావను అనుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది కాదు. నా జన్మలో నాకోసం ఒక్క ఫోనూ రాలేదు. ఏ ఆఫీసువాళ్ళూ 'ఆవిణ్ణి పంపండి' అని నాకోసం ఎవర్నీ అడగలేదు. ఆ గొంతు ఎంతో మర్యాదగా 'మీ కోడలుగారు' అనేసరికి నాకు కడుపులో భగ్గుమంది. అదీ నిజం.

అట్టముక్కను చీర మడతలో దాచేద్దామా అనిపించింది, అందరూ విన్నాక దాచి ఏం లాభం?

డాక్టరమ్మ నన్ను కాపాడబోయింది. "పోనీ బామ్మగారూ, ఇది మీ ఊహ అని రాసుకుందామా? నియమం కొంచెం తప్పినా, కథ బాగుంది."

అవునంటే సరిపోయేది. ఒక్క మాట. చప్పట్లు కూడా కొట్టేవారు. వెనక్కి తిరిగి కోడలి వైపు చూశాను. ఆమె ఒళ్ళో నా మందుల సంచీ ఉంది. నన్నే చూస్తోంది, రెప్ప వేయకుండా.

"ఊహ కాదమ్మా" అన్నాను. "సీరియల్లోదీ కాదు. మా ఇంట్లో జరిగింది. ఆ అత్తను నేనే. అదిగో, వెనక కూర్చుంది చూడండి, ఆ పిల్లకొచ్చిన ఉద్యోగమే అది."

మాస్టారు పుస్తకం మూసేశారు. పాపం డాక్టరమ్మ, తర్వాతివాళ్ళను పిలిచింది. ఆ అబ్బాయి ఏం చదివాడో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

అయిపోయాక కోడలు సంచీ భుజానికి తగిలించుకుని ఎప్పటిలాగే వచ్చింది. మెట్ల దగ్గర ఆగి, "నాకు తెలుసత్తయ్యా" అంది.

"ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచే. రెండు వారాలు చూసి నేనే ఆ ఆఫీసుకు వెళ్ళి అడిగాను. మీ ఇంట్లో పెద్దావిడ వద్దన్నారు, ఇంకొకర్ని తీసుకున్నాం అన్నారు."

"మరి నన్ను అడగలేదేమే?"

"అడిగితే ఏం చెప్పేవారు?"

ఏం చెప్పేదాన్ని? నంబరు తప్పనే చెప్పేదాన్ని. ఇంకా గట్టిగా అడిగితే మా అబ్బాయి ముందు ఏడ్చి, తప్పు తనదే అనిపించేదాన్ని. ఆమాత్రం నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"తెలిసీ నా రాతలన్నీ టైపు చేశావా? ఆ అత్త తప్పు లేదు, తప్పు లేదు అని మూడేళ్ళుగా నేను ఊదరగొడుతుంటే, కూర్చుని నా అక్షరాలు దిద్దావా?"

ఆమె ఒక మెట్టు దిగి, నాకోసం ఆగి, చెయ్యి చాచింది.

"ఎక్కడో ఒకచోట మీరు ఆ ఫోను సంగతి రాస్తారని ఎదురుచూశానత్తయ్యా" అంది.

ఆ చెయ్యి పట్టుకునే ముఖం లేక, గోడ పట్టుకుని దిగాను.