క్యాన్సరని చెప్పమన్నారు

అందరికీ అన్నం, కూర వండి, నా వంతు మాత్రం గంజిలా చేసుకుని తాగుతున్నాను. అదీ ముల్లులా గుచ్చుకుంటూ దిగుతోంది. మూడేళ్ల కిందట గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ కరెంటు పెట్టించుకుంటే నయమైంది. ఇప్పుడు మాట మళ్లీ గుసగుస అయిపోయింది. "మళ్ల అదే వచ్చుంటది. ఎన్నిసార్లని తిరుగుతం?" అన్నాడు మా ఆయన గోపాలు. "ఇల్లన్న నిమ్మళంగ ఉన్నది" అంది అత్తమ్మ. నేను నవ్వాను కూడా. అలవాటు.

నన్ను భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయింది, నేను టీచరుగా ఉన్న అంగన్‌వాడీ సెంటర్‌లో ఆయా నాగక్క. చర్లలో బస్సెక్కిన దగ్గర్నుంచీ నేను దగ్గినప్పుడల్లా వీపు నిమిరింది. డాక్టరమ్మ గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత, "క్యాన్సర్ కాదమ్మా, గొంతుకు టీబీ. ఆర్నెల్లు మందులేసుకుంటే తగ్గుతది" అంది. ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. "పిల్లలతోటి ఉంటవు కదా, వాళ్లందరికీ పరీక్ష చేయించాలె" అంది. ఏడుపు ఆగిపోయింది. మా సెంటర్‌లో పద్దెనిమిది మంది. నా ఒళ్లో కూర్చుని తిన్నవాళ్లు.

ఇంట్లో చెప్పగానే గోపాలు తలుపు దగ్గరికి వేశాడు. "టీబీ అని ఎవరికీ చెప్పకు. క్యాన్సరే తిరగబెట్టిందను. క్యాన్సరంటే అయ్యో అంటరు. టీబీ అంటే మన గడప తొక్కరు." నేను చచ్చేదాన్నయితే ఆయనకు పరువు, బతికేదాన్నయితే సిగ్గు.

మర్నాడు మాస్కు పెట్టుకుని పిల్లల తల్లులను సెంటర్ బయట కూర్చోబెట్టాను. "నాకు టీబీ. పిల్లలందరికీ పరీక్ష చేయించాలె" అన్న నా మాట ముందు వరుసకు కూడా చేరలేదు. నాగక్క వచ్చి పక్కన నిలబడింది. నేను అన్న ప్రతి మాటనూ గట్టిగా, తెలుగులో ఒకసారి, కోయలో ఒకసారి చెప్పింది. ఒక్క మాట మార్చలేదు. చివర్లో తన మాట ఒకటి కలిపింది: "టీచరమ్మ దాచిపెట్టలే. గా మాట యాది పెట్టుకోండ్రి." ఒకామె బిడ్డను చంకనేసుకుని లేచిపోయింది. మిగతావాళ్లు పరీక్షకు తీసుకుపోయే దవాఖానా జీపు ఎప్పుడొస్తదని అడిగారు. ఇన్నేళ్లలో నా మాటను అంత పదిలంగా మోసినవాళ్లు లేరు.

వారంలో పరీక్షలయ్యాయి. లేచిపోయినామె కూడా బిడ్డను తెచ్చింది. ఎవరికీ జబ్బు లేదు, ముందుజాగ్రత్తకు మాత్రలిచ్చారు. నాగక్క, నేను ఒకరినొకరం చూసుకుని ఊపిరి వదిలాం. ఇక మిగిలింది మా ఇల్లే.

"రేపు మీ ఇద్దరికీ పరీక్ష. జీపు తొమ్మిదింటికొస్తది" అన్నాను గుమ్మంలో నిలబడి.

"ఏందీ? వినపడతలేదు" అన్నాడు గోపాలు, కుర్చీలోంచి కదలకుండా.

ఇదివరకైతే దగ్గరికి వెళ్లి మళ్లీ చెప్పేదాన్ని. వెళ్లలేదు. ఉన్నచోటే నిలబడి, అదే గుసగుసతో, అదే మాట అన్నాను.

కాసేపటికి ఆయనే లేచి వచ్చాడు, వినడానికి.