ఆరో మంచం పాలు

నేల తడిగా ఉంది, నడవకండి అని చెబితే చాలు, మనుషులకు సరిగ్గా అవతలి వైపే పని గుర్తొస్తుంది. మంచిర్యాల ఆస్పత్రిలో ఆయాగా చేరిన నాటి నుంచీ అనసూర్యకు ఇదే బాధ. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచి, ఒక్క జన్మలో రెండు జన్మల పని చేసేసింది.

ఆమెది బోథ్ దగ్గర పల్లె. సన్నటి మనిషి. ఫినాయిల్‌కు వేళ్ల చివరలు పాలిపోయి ఉంటాయి. నెలలు నిండని పిల్లల గది తుడవడం, పక్క గదిలో తల్లులు చేత్తో పిండిన పాలగిన్నెలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టడం ఆమె పని. గిన్నెల మీద తెల్ల ప్లాస్టర్, దాని మీద మంచం నంబరు. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు.

ఆరో మంచం రోజారాణిది. ఆమె కూతురు రెండు నెలలు ముందే పుట్టింది. మొదట ముక్కులో సన్నటి గొట్టం వేసి పాలు పోశారు. గొట్టం చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చారు. తరువాత గొట్టం తీసి ఉగ్గుగిన్నెతో పట్టారు. గొట్టమే నయమని ఇంటిల్లిపాదీ ఏడ్చారు. తండ్రి అరుణ్‌కుమార్ పొద్దున్నే బిడ్డ బరువు ఫోన్‌లో స్టేటస్ పెట్టేవాడు. దిష్టి తగులుతుందని మధ్యాహ్నానికి తీసేసేవాడు.

బరువు సరిపోయింది, ఉగ్గుగిన్నెతోనైనా సరే, ఇవాళ ఇంటికి పోవచ్చన్నాడు డాక్టరు. బిడ్డను ఊయల్లో వేసే తొట్టెల ఫంక్షన్‌కు ఫ్లెక్సీ ఎప్పుడో అచ్చయి ఉంది. గిన్నెలతో పట్టడం తమ వల్ల కాదని, పిల్ల రొమ్ము పట్టకపోతే సీసా, డబ్బాపాలేనని అత్త బాలలక్ష్మి తేల్చేసింది. రోజారాణికి ఇక ఈ ఒక్కపూటే మిగిలింది.

నర్సు పద్మలత బిడ్డను తల్లి ఒడిలో పెట్టి, "సప్పుడు చెయ్యకుర్రి" అని పోయింది. వెంటనే చప్పుడు మొదలైంది.

"తల జర మీదికెత్తు," అన్నది బాలలక్ష్మి.

"గట్ల కాదక్కా, కిందికి," అన్నది ఆమె చెల్లెలు వినోద.

దుబాయిలో ఉన్న మామ హనుమండ్లు వీడియో కాల్‌లో ఉన్నాడు. మర్యాద కోసం ఫోన్‌ను గోడ వైపు తిప్పారు కాబట్టి, ఆయన గోడకు సలహాలు చెబుతున్నాడు.

బిడ్డ ఆవలించి నిద్రపోయింది.

"గీ కోడలికి పాలే పడనట్టున్నయి," అన్నది బాలలక్ష్మి. పొద్దున్నే గిన్నెడు పాలు పిండిచ్చిన రోజారాణి తల దించుకుంది.

అనసూర్య చేతిలో తుడుపుగుడ్డ ఆగింది. ఆమె కొడుకు మొండయ్య కూడా ఇలాగే తొందరపడి పుట్టాడు. 'నీకు పాలు పడలే' అని ఆమె అత్త తీర్పు చెప్పి, దూదితో మేకపాలు పట్టింది. వాడు బతికాడు. ఇప్పుడు ఆటో నడుపుతూ, ఏ కృతజ్ఞతా లేకుండా ప్రతి ఆదివారం మేకమాంసం తింటున్నాడు. తనకు నిజంగా పాలు పడలేదో, పడినా ఎవరూ చూడలేదో, అనసూర్యకు ఇప్పటికీ తెలియదు.

బకెట్ ఎత్తి గది నడుమ కుమ్మరించింది.

"ఏందే గిది! పట్టుచీరె!" బాలలక్ష్మి అంచు పైకెత్తింది.

"బయట నిలబడుర్రమ్మా. ఆరేదాక రావద్దు."

"ఎప్పుడారుతది?"

"ఫ్యాను నడుస్తలేదు కదా, జర లేటయితది," అన్నది అనసూర్య, స్విచ్ ఆపేస్తూ.

అందరూ పోయారు. గోడకు చెబుతున్న మామను కూడా తీసుకుపోయారు. బిడ్డ కదిలింది. ముక్కుతో వెతికింది, జారింది, మళ్లీ వెతికింది. గది నిశ్శబ్దంలో చిన్న గుటక వినబడింది.

"తాగుతుందా అవ్వా?"

"గుటకేస్తుంది. నువ్వు మాట్లాడకు బిడ్డా."

ఆరిన చోట అనసూర్య మళ్లీ నీళ్లు చల్లింది.

సాయంత్రం కారు వచ్చింది. "నేను చెప్పినట్టు తలెత్తినంకనే తాగింది," అని బాలలక్ష్మి లిఫ్టు దగ్గర ఒకసారి, గేటు దగ్గర ఒకసారి చెప్పింది. రోజారాణి వెనక్కి చూడలేదు, బిడ్డనే చూస్తూ కారెక్కింది. అనసూర్యకు అదే బాగనిపించింది.

ఆమె పైకొచ్చి ఫ్రిజ్ తెరిచింది. పొద్దున రోజారాణి పిండిన గిన్నె అక్కడే ఉంది. ఇంకో బిడ్డకు పట్టకూడదు. పారబోసి, కడిగి, ప్లాస్టర్ పీకెయ్యాలి. ఎన్నోసార్లు చేసిన పనే. ఇవాళ చెయ్యి రాలేదు. పారబోస్తే మనసొప్పదు, ఉంచితే పద్మలత తిడుతుంది. అయ్యా, అమ్మా, చదివేవాళ్లలో ఎవరికైనా తోస్తే దయచేసి ఒక ఉపాయం చెప్పండి. ఆరో నంబరు గిన్నె ఇంకా పై అరలోనే ఉంది, మూత కింద నెమ్మదిగా మీగడ తేలుతోంది.