మడత మీద పోయిన ఓట్లు

ఓట్లు లెక్కపెట్టిన యంత్రం నిజం చెప్పిందో లేదో చేత్తో లెక్కపెట్టి సరిచూడటం ఆడిటరమ్మ ఉద్యోగం. ఆ హాల్లో మాత్రం పొద్దున్నుంచీ అందరూ ఆమెను సరిపెట్టమనే అడుగుతున్నారు. ఆ రెండు మాటలకీ తేడా తెలియనంత అమాయకులేం కాదు ఎవరూ.

అసలీ తనిఖీ కావాలని అరిచి గీపెట్టింది ఓడిన అభ్యర్థి ఏజెంటు. ఆయన్ని అందరూ మైకు అంటారు. ప్రజల గొంతు నొక్కేశారంటూ గేటు ముందు చేరి ఎవరి చెవులూ బతకనివ్వలేదు. గెలిచినాయన ఏజెంటేమో, యంత్రం తప్పు చేస్తే మీసం తీయించుకుంటానన్నాడు.

తేడా పోస్టు ఓట్ల పెట్టెలో దొరికింది. మంచం దిగలేనివాళ్ళు ఇంట్లోంచి వేసిన ఓట్లవి. ఆడిటరమ్మ అత్తగారూ అలాగే వేసింది. ఉతికిన చీర కట్టుకుని, చుక్క బయటికి పోకుండా గడి నింపి, గెలిచినాయనకే వేశానని వీధంతటికీ చెప్పుకుంది. తీరా చూస్తే ఈ పెట్టెలో ఆయనకు యంత్రం చూపించింది గుండుసున్నా.

ఆడిటరమ్మ కాగితాలు వెలుతురుకెత్తి చూసింది. కవర్లో పట్టేందుకు ఇక్కడ మడవండి అని అచ్చువేసిన చోటే అందరూ మడిచారు. ఆ మడత సరిగ్గా ఓడినాయన గడి మీదుగా పోయింది. యంత్రానికి ఆ గీత కూడా ఓటులాగే కనిపించింది. గెలిచినాయనకు వేసిన ప్రతి కాగితంలోనూ రెండు గడులు నింపారని, చెల్లదని కొట్టి పారేసింది.

“పెట్టె మొత్తం చేత్తో లెక్కపెట్టి కలపాలండీ,” అంది పెద్దాఫీసరుతో.

“నేను చెప్పలా?” అని మైకు గంతేశాడు. “ఇంతకీ అవి ఎవరికి పడ్డాయమ్మా?”

చెప్పింది. ఆయన గొంతు టక్కున పడిపోయింది. “అయితే వదిలెయ్యండి. ఇంకా ఎక్కువ తేడాతో ఓడామని రాయించుకోమంటారా ఏంటి?”

ఆమె రెండో ఏజెంటు వైపు తిరిగింది. మీసాలాయన మీసం తడుముకున్నాడు. “ఎలాగూ గెలిచాంగా మేడం. యంత్రం తప్పని పేపర్లో పడితే రేపు మా గెలుపే తప్పంటారు. సరిపెట్టేయండి.”

నిన్నటిదాకా ఒకరి మొహం ఒకరు చూడని ఈ పెద్దమనుషులు ఇప్పుడు ఒకే ప్లేట్లో బిస్కెట్లు తింటున్నారు. ఆమె మొహం తిప్పుకుంది. ఛీ, వీళ్ళ నోట్లోనా ప్రజలన్న మాట నానింది!

“ఇద్దరికీ అభ్యంతరం లేదు. మధ్యలో మీకేంటమ్మా నొప్పి?” అన్నాడు పెద్దాఫీసరు.

“ఓటేసినవాళ్ళను ఎవరూ అడగలేదండీ.”

“వాళ్ళెవరూ ఇక్కడ లేరుగా?” నిజంగానే అర్థంకాక అడిగాడాయన. ఆమెకు అదే మరీ అసహ్యమేసింది. సంతకం పెట్టనని కలం కింద పెట్టేసింది.

ఆయనకు కోపమైనా రాలేదు. పక్క టేబుల్ దగ్గరున్న ఇంకో ఆడిటర్ని పిలిచాడు. పిలిచిందే తడవుగా వచ్చి, కళ్ళజోడైనా పెట్టుకోకుండా గీకేసి పోయాడా మహానుభావుడు. అంతా సరిపోయిందని మైకులో చదివారు.

ఇంటికి రాగానే అత్తగారు మంచం మీంచి తల ఎత్తింది.

“నా ఓటు లెక్కలోకి వచ్చిందా అమ్మాయ్?”

వచ్చిందని చెప్పేస్తే పోయేది. కానీ సరిపెట్టడం ఆమెకు నోటికి రాలేదు.

“లేదత్తయ్యా. మడత గీత పడిందని తీసేశారు.”

అత్తగారి మొహం చిన్నబోయింది. కాసేపు తన వేళ్ళకేసే చూసుకుంది.

“నాదే పొరపాటు,” అంది మెల్లగా. “వాళ్ళనేం అనకు. వచ్చేసారి ఇంకాస్త జాగ్రత్తగా మడుస్తాలే.”