కోచ్ ఊరి పిల్ల

బొరోకా ఆ ఉదయం డైరీలో ఒకే వాక్యం పన్నెండుసార్లు రాసి బట్టీ పట్టింది: "టీచర్, ఈ ఒక్క ఆటలో నన్ను దించండి." రెండేళ్లుగా హ్యాండ్‌బాల్ జట్టులో ఆమె చోటు బెంచీమీదే. ఆ బెంచీకి నోరుంటే ఆమెకన్నా ముందే అడిగి ఉండేది.

ఆమెది కోచ్ అనే పల్లె. ఒకప్పుడు అక్కడ కట్టిన గుర్రపుబళ్లకు ఊరి పేరే వచ్చింది. అందుకే వాళ్ల భాషలో 'కోచ్ ఊరిదాన్ని' అన్నా, 'నేను బండిని' అన్నా మాట ఒకటే. జట్టులో జోఫీకి అది చాలు.

"ఏమే బండీ, ఇవాళైనా కదులుతావా, గుర్రాన్ని కట్టమంటావా?"

బొరోకా నవ్వి ఊరుకుంది. ఊరుకోవడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

విదేశీ జట్టుతో పోటీ. జట్టుకు ఆట నేర్పే ఇల్దికో టీచర్ ఇంకా రాలేదు. ఇంతలో విదేశీ రిఫరీ ఒక కాగితం పట్టుకొచ్చి, "కోచ్?" అన్నాడు.

బొరోకా పొంగిపోయింది. మా ఊరు ఇతనికీ తెలుసా! "అవునండీ, కోచ్," అంది వచ్చీరాని ఇంగ్లీషులో. చాలదన్నట్టు, "పుట్టినప్పటినుంచీ," అని చేర్చింది.

రిఫరీ గౌరవంగా తల పంకించి, ఆడే ఏడుగురి పేర్లు రాయమని కాగితం చేతిలో పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది తాతయ్య చెప్పే గొప్ప: "మన బండి పేరును ఇంగ్లీషువాళ్లు పట్టుకెళ్లారే! పరీక్ష గట్టెక్కించే పంతులూ బండిలాంటివాడేనని ఆయనకూ అదే పెట్టారు. ఆనక ఆట నేర్పేవాళ్లకూ." విన్న ప్రతిసారీ ఆమె ఆవలించేది.

తాను ఆ కోచ్‌ను కాదని చెప్పాలంటే నోరు తెరవాలి. రాయడానికి ఆ బాధ లేదు. ఆరు పేర్లు రాసింది. ఏడోది తనది.

ఇల్దికో టీచర్ రొప్పుతూ వచ్చింది. "నా బండి దారిలో ఆగిపోయింది! ఈ పేర్లు ఎవరు రాశారు?"

"బండి, టీచర్," అంది జోఫీ.

"ఆగిపోయిందంటుంటే వినపడదా?"

"ఆ బండి కాదు టీచర్, మన బండి!"

టీచర్ కాగితం చూసింది, బొరోకాను చూసింది. బట్టీ పట్టిన వాక్యం ఎటుపోయిందో! "టీచర్, ఈ... ఈ..."

"రాసేశావుగా, ఇంక అడిగేదేముంది? దిగు."

దిగింది. చేతికందిన మొదటి బంతిని నేరుగా అవతలి జట్టుకు విసిరింది.

సాయంత్రం డైరీలో, 'ఇవాళ బండి కదిలింది' అని రాసుకుంది. ఎటువైపో మాత్రం రాయలేదు.