ఊరికే లేపే పిలుపులు

"కత్తెర ఎక్కడ పెట్టావు?" అన్నాడు భర్త ఫోన్లో. ఈ రోజు ఆయనకి సెలవు, ఆమె ఆఫీసులో ఉంది. పొద్దుట్నుంచీ ఇంటి నుంచి ఇది ఆరో ఫోను. "టీవీ కింద సొరుగులో," అని చెప్పి పెట్టేసి తెర వైపు తిరిగింది. ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయింది.

గాల్లో ఫోనుకీ టవరుకీ మధ్య నడిచే మాటల్ని పట్టి, పొర తరవాత పొర విప్పి చదవడం ఆమె పని. పైన రేడియో పొర, దానికింద కనెక్షన్‌ది, అన్నిటికన్నా లోపల తాళం వేసిన అసలు సమాచారం. ఒక చిన్న కంపెనీ కొత్త ఫోను చేసింది. మధ్యాహ్నానికల్లా చార్జి అయిపోతోందని నెట్‌వర్క్ వాళ్ళు దాన్ని వద్దనబోతున్నారు. తప్పెక్కడుందో సాయంత్రంలోగా ఆమె తేల్చాలి. "బ్యాటరీ వీకని రాసెయ్యమ్మా. నెట్‌వర్క్ వాళ్ళు మన కస్టమర్లు," అన్నాడు టీమ్ లీడు, ఏదో మేలు చేస్తున్నట్టు.

లోపలి పొర రెండు రోజులుగా కొరుకుడు పడటం లేదు. మొదటి నిమిషం చక్కగా విడిపోతుంది, ఆ తర్వాతంతా చెత్త.

మళ్ళీ ఫోను. అత్తగారు. "ఏం లేదమ్మా, ఎన్నింటికొస్తావో అని."

ఏం లేదట! కడుపు మండిపోయింది. "రోజంతా కుర్చీలో కూర్చునేదానికి ఇంత నీరసమేంటండీ, మనిషే అంత," అన్నాడు నిన్న డాక్టరు ముందు భర్త. డాక్టరు నవ్వాడు. తనూ నవ్వింది, సిగ్గు లేకుండా. లోపం తనలోనే ఉందేమో అనుకుంది కూడా. తిండి తింటుంది, ఎనిమిది గంటలు పడుకుంటుంది, మరి మిట్టమధ్యాహ్నానికే ఎందుకిలా వాడిపోతుంది? ఒక్క పని మొదలుపెట్టి తుదికంటా చేసి ఎన్నాళ్ళయింది? స్నానం కూడా, తలుపవతల "నా సాక్సులేవీ?" అంటుంటే, "వస్తున్నా" అంటూనే కదా పోసుకునేది.

మళ్ళీ మొదట్నుంచీ చూసింది. అప్పుడు తట్టింది. పని లేనప్పుడు ఫోను నిద్రపోతుంది, లేచిన ప్రతిసారీ తాళం మారుతుంది! తనేమో ఒకే తాళంచెవితో అంతా తెరుద్దామని కూర్చుంది. ఎంత పిచ్చిది! లేచిన ప్రతి చోటా కొత్త తాళంచెవి ఇచ్చుకుంటూ పోయింది. చెత్తంతా అర్థమున్న వరసలైంది. ఒక్క గంటలో నెట్‌వర్క్ వాళ్ళ టవరు ఆ ఫోన్ని నూటపది సార్లు లేపింది. ఎందుకు లేపిందా అని లోపలికంటా చూస్తే, ఏ ఒక్కసారీ దానికి పనికొచ్చే ముక్క లేదు. కళ్ళు మూయబోయేలోగా మళ్ళీ పిలుపు.

ఆమెకి ఏడుపొచ్చింది. యంత్రం మీద ఇంత జాలేమిటి అనుకుంది. జాలి దాని మీద కాదని తెలుస్తూనే ఉంది.

"అయిందా? బ్యాటరీయేగా?" లీడు వెనక నిలబడ్డాడు.

"కాదు సార్. మన కస్టమర్లే."

"అలా రాస్తే ఈ ఏడు ప్రమోషన్ సంగతి మర్చిపో. బాగా ఆలోచించుకో."

ఆయన వెళ్ళాక ఆలోచించుకుంది. మూడేళ్ళుగా ఎదురుచూస్తున్న ప్రమోషన్. ఇంటి నుంచి ఫోను మోగుతుంటే బోర్లా పెట్టింది. రిపోర్టు చివర రాసింది:

"ఫోనులో ఏ లోపమూ లేదు. దాన్ని పడుకోనివ్వడం లేదు."

కింద తన పేరు పెట్టి పంపేసింది.